"ఇది ఏ కలరో చెప్పు, చూద్దాం"

ముందే చెప్పేస్తున్నా: ఆకులు నాకు ఎర్రగా కనబడవు. లోకం పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలాగానూ ఉండదు. ఆకాశం నీలంగానే ఉంటుంది, బంతిపువ్వు పసుపుగానే ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పైన ఉంటుందని తెలుసు కాబట్టి బండి ఆపుతాను. కళ్ళు బాగున్న మీలో కొందరు ఆపరు, అది వేరే సంగతి.

నాకున్నదాన్ని వర్ణాంధత్వం అంటారు. ఎరుపు, ఆకుపచ్చ, గోధుమరంగు కొన్ని ఛాయల్లో ఒకదాన్ని పోలి ఇంకొకటి ఉంటాయి, అంతే. ఈ మాట బయటపడిన ప్రతిసారీ ఒకటే జరుగుతుంది. ఎదుటివాడు చుట్టూ చూసి, చేతికందింది తీసి నా ముఖం ముందు పెట్టి "ఇది ఏ కలరో చెప్పు, చూద్దాం" అంటాడు. పెన్ను క్యాప్, చిప్స్ ప్యాకెట్, వాడి టీషర్టు, ఏదైనా సరే. కరెక్టుగా చెబితే "నీకేం లేదురా, ఊరికే బిల్డప్" అంటాడు. తప్పు చెబితే ఇంకో నలుగుర్ని పిలుస్తాడు. ఈ పరీక్ష మీద నాకు కోపం లేదు, సెకండియర్ వచ్చేసరికే అలవాటైపోయింది. దాని వెనక ఉన్న ఊహ మీదే అభ్యంతరం. రంగు అనేది వస్తువులో ఉంటుంది, మంచి కన్ను దాన్ని ఉన్నదున్నట్టు ఫొటో తీస్తుంది, నా కెమెరా మాత్రం పాడైంది. ఇదీ ఆ ఊహ. ఇందులో ఏ ముక్కా నిజం కాదు.

ఓపెన్ ఎలక్టివ్‌గా సైకాలజీ తీసుకున్నవాళ్ళకి మొదటి యూనిట్లలోనే రెండు మాటలు వస్తాయి. ఒకటి సంవేదన, అంటే ఇంద్రియం మీద పడ్డదాన్ని నాడి సంకేతంగా మార్చడం. రెండోది ప్రత్యక్షం, అంటే ఆ సంకేతాల్లోంచి మెదడు "ఇదీ ఇక్కడున్నది" అని ఒక లోకాన్ని కట్టుకోవడం. మన తెలుగులో మాత్రం "ప్రత్యక్షంగా చూశా" అంటే ఇక తిరుగులేదని అర్థం. పరీక్షలో ఈ రెంటికీ తేడా రాసి నాలుగు మార్కులు తెచ్చుకుంటాం, బయటికొచ్చి మళ్ళీ కన్నే చూస్తుందని నమ్ముతాం.

మన కంట్లో రంగు పనికి మూడు రకాల కోన్ కణాలున్నాయి. ఒకటి దాదాపు 560 నానోమీటర్ల కాంతికి ఎక్కువగా స్పందిస్తుంది, రెండోది దాదాపు 530కి, మూడోది 420 దరిదాపుల్లో. మొదటిదాన్ని ఎరుపు కోన్, రెండోదాన్ని ఆకుపచ్చ కోన్ అని పిలవడం వాడుక. నిజానికి ఏ కోన్‌కీ ఏ రంగూ తెలియదు. ఎంత కాంతి పట్టుకుందో అంతవరకే అది చెబుతుంది. మెరిసే ఎరుపు, మసక ఆకుపచ్చ, రెండింటికీ ఒకే కోన్ ఒకే సంకేతం ఇవ్వగలదు. రంగు పుట్టేది ఒక కోన్ చెప్పినదాన్ని ఇంకో కోన్ చెప్పినదాంతో పోల్చినప్పుడే. ఈసీఈ వాళ్ళకి ఒక్క మాట చాలు: డిఫరెన్షియల్ యాంప్లిఫైయర్. రెండు ఇన్‌పుట్ల తేడానే అవుట్‌పుట్. మీ కంట్లో ఆ రెండు ఇన్‌పుట్ల మధ్య దూరం దాదాపు 30 నానోమీటర్లు. నా కంట్లో ఆకుపచ్చ కోన్ ఎరుపు వైపు జరిగి కూర్చుంది, కాబట్టి రెండు ఇన్‌పుట్లూ దగ్గరదగ్గరగా ఒకటే చెబుతాయి, తేడా చిన్నదవుతుంది. సర్క్యూట్ పనిచేస్తూనే ఉంది, సిగ్నల్ బలహీనం. అందుకే పెద్ద గోడకి వేసిన ఆకుపచ్చ నాకు తెలుస్తుంది, సన్నటి తీగ మీది ఆకుపచ్చ తెలియదు. "నిన్న కరెక్టుగా చెప్పావుగా, ఇవాళ ఏమైంది?" అనే ప్రశ్నకి జవాబు ఇదే.

మీకు కనబడే రంగయినా వస్తువులోంచి తిన్నగా వచ్చింది కాదు. తెల్లచొక్కా ఎండలో ఒకలా, సాయంత్రం పసుపు బల్బు కింద ఇంకోలా కాంతిని వెనక్కి పంపుతుంది. మెదడు ఆ బల్బు వాటా తీసేసి "తెలుపే" అని చెబుతుంది. ఆ తీసివేత ఎంత అంచనా వ్యవహారమో 2015లో అందరూ చూశారు. ఒక డ్రెస్ ఫొటో ఇంటర్నెట్‌లో తిరిగింది. అదే ఫొటో, అదే స్క్రీన్, కానీ కొందరికి నీలం-నలుపు, కొందరికి తెలుపు-బంగారం. వెలుగు ఎటునుంచి, ఎలాంటిది పడుతోందని ఎవరి మెదడు అనుకుందో దాన్ని బట్టి రంగు మారింది. (డ్రెస్ అసలు రంగు నీలం-నలుపు.) నాలాంటివాళ్ళు ఒక్కరూ లేకపోయినా ఆ గొడవ అలాగే జరిగేది.

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుంది" అనే సామెత నా ముఖానే ఒకరిద్దరు వాడారు. కామెర్లు వస్తే తెల్లగుడ్డు పసుపెక్కుతుంది కానీ లోకం పసుపెక్కదు, ఆ సంగతి అటుంచండి. ఆ సామెతలోని 'పచ్చ' అనే మాటే చూడండి. పచ్చని చేను అంటే ఆకుపచ్చ, పచ్చని మేనిఛాయ అంటే పసుపు. తేడా చెప్పాల్సి వస్తే ఆకుపచ్చ, పసుపుపచ్చ అని ముందు ఏదో ఒకటి తగిలిస్తాం. అంతమాత్రాన మన పూర్వీకులకి పసుపుకొమ్ముకీ వేపాకుకీ తేడా కనబడలేదని ఎవరూ అనరు కదా. రంగు కనబడటం ఒకటి, దానికి పేరు పెట్టడం ఒకటి. నన్ను పరీక్షించేవాళ్ళు రెండోదాంతో మొదటిదాన్ని కొలుస్తారు.

ఈ విషయం మీద మొదట శాస్త్రీయంగా రాసినవాళ్ళలో ఒకాయన మనందరికీ పదో తరగతిలోపే పరిచయం. పరమాణు సిద్ధాంతం జాన్ డాల్టన్. 1794లో మాంచెస్టర్‌లో తన చూపు గురించే ప్రసంగం చేశాడు. జెరేనియం పువ్వు పగటి వెలుగులో ఒక రంగులో, కొవ్వొత్తి వెలుగులో పూర్తిగా వేరే రంగులో కనబడటం గమనించాడు. చుట్టూ ఉన్నవాళ్ళని అడిగితే ఎవరికీ అంత తేడా కనబడలేదు, సొంత అన్నకి తప్ప. తన కంటి లోపలి ద్రవం నీలంగా ఉండి ఎర్రకాంతిని మింగేస్తోందని అనుకున్నాడు. చనిపోయాక కళ్ళు కోసి చూడమని చెప్పాడు. 1844లో ఆయన పోయాక వైద్యుడు చూస్తే ద్రవం స్వచ్ఛంగా ఉంది. ఇంకో కంటికి వెనకభాగం తీసి, దాన్ని అద్దంలా పెట్టుకుని ఎర్ర, ఆకుపచ్చ వస్తువుల్ని చూశాడు. రంగులు మామూలుగానే ఉన్నాయి. అంటే లోపం కంటి అద్దాల్లో లేదు, ఇంకా వెనక ఎక్కడో ఉంది. దాచి ఉంచిన ఆ కంటి ముక్కలోంచి 1995లో డీఎన్‌ఏ తీసి చూస్తే ఆకుపచ్చ కోన్‌కి చెందిన జన్యువు లేదని తేలింది. తన ఊహ తప్పని తేల్చే ప్రయోగాన్ని తన కళ్ళతోనే చేయించిన మనిషి ఆయన. ఆ ఒక్క పనికి పరమాణువుల కంటే ఎక్కువ మార్కులు వేస్తాను నేను.

ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగవాళ్ళకి ఎక్స్ ఒక్కటే, అదీ అమ్మ నుంచి. అందుకే ఇది అమ్మాయిల్లో చాలా అరుదు, అబ్బాయిల్లో అంత అరుదేం కాదు. యూరప్ సంతతి మగవాళ్ళలో సుమారు 8 శాతం మందికి ఉంటుంది. మనదేశంలో జరిగిన చాలా సర్వేల్లో అంతకంటే తక్కువే తేలింది. ఎంత తక్కువనుకున్నా, నలభై మంది అబ్బాయిలున్న సెక్షన్లో ఒకడు ఉండే అవకాశం బాగానే ఉంది. వాడికే తెలిసి ఉండకపోవచ్చు. మా ఇంట్లో మావయ్యకి ఉంది. పండుమిర్చి ఏరమంటే పచ్చివీ పండువీ కలిపి తెచ్చేవాడని అమ్మమ్మ ఇప్పటికీ తిడుతుంది. పిల్లలకి మేనమామ పోలిక వస్తుందని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇషిహారా పుస్తకం చాలామందికి తెలుసు. 1917లో జపాన్ వైద్యుడు షినోబు ఇషిహారా తెచ్చిన పరీక్ష అది, రంగు చుక్కల్లో అంకె వెతకాలి. అందులో మీకు చెప్పని సంగతి ఒకటుంది. కొన్ని పేజీల్లో అంకె నాలాంటివాళ్ళకే కనబడుతుంది. మీకు చుక్కల రంగుల గోల ఎక్కువై దారి దొరకదు. 1992లో అచ్చయిన ఒక పరిశోధనలో కూడా, రంగులతో మభ్యపెట్టి దాచిన ఆకారాల్ని మామూలు చూపువాళ్ళ కంటే రెండు రకాల కోన్‌లే ఉన్నవాళ్ళు బాగా పట్టుకున్నారు. దీన్ని సూపర్ పవర్ అని ప్రచారం చేసుకునే ఉద్దేశం నాకు లేదు. నష్టమే ఎక్కువ, నిజం. కానీ ఒక పేజీలో మీరు పాస్, ఇంకో పేజీలో నేను పాస్ అయితే, ఏ పేజీ పెట్టాలో ఎవరు నిర్ణయించారన్నది కూడా ప్రశ్నే కదా.

మన ల్యాబ్‌ల దగ్గర నా అసలు పేచీ మొదలవుతుంది. రెసిస్టర్ తీసుకోండి. బ్రౌన్, బ్లాక్, రెడ్ అంటే ఒక కిలో ఓమ్. బ్రౌన్, బ్లాక్, గ్రీన్ అంటే ఒక మెగా ఓమ్. మూడో గీత ఒక్కటి మారితే విలువ వెయ్యి రెట్లు మారుతుంది. ఆ గీత మందం మిల్లీమీటరు, మారేది సరిగ్గా ఎరుపు-ఆకుపచ్చ. ఒక ప్రాక్టికల్ ఎగ్జామ్‌లో "మల్టీమీటర్‌తో కొలిచి చెబుతాను సార్" అంటే, "రంగు చూసి చెప్పడమే ప్రశ్న" అని జవాబొచ్చింది. రెండు మార్కులు పోయాయి, పోనివ్వండి. ప్రశ్న అడిగింది రెసిస్టర్ గురించా, నా తాతయ్య క్రోమోజోమ్ గురించా? విలువ తెలుసుకోవడానికి మల్టీమీటర్ కంటే నమ్మకమైన దారి ఏముంది?

ఇళ్ళ వైరింగ్‌లో పాత పద్ధతి ఇంకా ఘోరం. ఫేజ్ ఎరుపు, ఎర్త్ ఆకుపచ్చ. ఎలక్ట్రీషియన్ కుర్రాడు నాలాంటివాడైతే, మసక వెలుతురులో ఆ రెండు తీగలూ వాడికి ఒకటే. తర్వాత వచ్చిన అంతర్జాతీయ పద్ధతిలో ఫేజ్ బ్రౌన్, న్యూట్రల్ నీలం, ఎర్త్ మీద ఆకుపచ్చ-పసుపు చారలు. రంగు తెలియకపోయినా చార తెలుస్తుంది. ఇందులో ఎవరి మీదా జాలి లేదు, సమాచారం రెండు దారుల్లో వెళ్తోంది, అంతే. మన డిజైన్ క్లాసుల్లో రిడండెన్సీ అని అర్థగంట చెబుతారే, అదే ఇది.

"ఒక్కడి కోసం అన్నీ మార్చాలా?" అని మా రూమ్‌లోనే ఒకడు అడిగాడు. మంచి ప్రశ్నే. హాస్టల్లో వాడు తినే బిస్కెట్ ప్యాకెట్ తీసి చూపించాను. శాకాహారానికి ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క. మాంసాహారానికి గోధుమరంగు చతురస్రంలో గోధుమరంగు చుక్క ఉండేది. ఆకుపచ్చ, గోధుమ: నాలాంటివాళ్ళని ముంచడానికే ఏరినట్టున్న జంట! 2020 నాటి లేబులింగ్ నిబంధనల్లో మాంసాహారం గుర్తుని చుక్క నుంచి త్రిభుజానికి మార్చారు. దానివల్ల మీకేమైనా ఇబ్బంది కలిగిందా? అసలు మారిన సంగతి ఎంతమంది గమనించారు?

ఎక్కడా అడ్డు చెప్పకూడదని నేను అనడం లేదు. రాత్రిపూట రైలు ఇంజిన్లో కూర్చుని దూరపు దీపం రంగు చూసి వందలమంది ప్రాణాల నిర్ణయం తీసుకునే పనికి కఠిన పరీక్ష ఉండాల్సిందే. ఆ ఉద్యోగం నాకొద్దు, ఇచ్చినా తీసుకోను. కానీ పనికి సంబంధం ఉందో లేదో చూడకుండా, ఫారంలో ఒక గడి ఉంది కాబట్టి వెనక్కి పంపడం వేరు. డ్రైవింగ్ లైసెన్స్ విషయంలో కేంద్రం 2020 జూన్‌లో ఆ గడి సరిదిద్దింది, స్వల్ప, మధ్యస్థాయి వర్ణాంధత్వం ఉన్నవాళ్ళకి ఇప్పుడు లైసెన్స్ ఇస్తారు. పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ కోర్సుల్లోకి వర్ణాంధుల్ని రానివ్వాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. రంగులే ప్రాణమైన సినిమా చదువులోకే రానిస్తుంటే, డెస్క్ ముందు కూర్చుని కోడ్ రాసే ఉద్యోగానికి మెడికల్ టెస్టులో ఇషిహారా పుస్తకం దేనికో నాకు అర్థం కాదు. మా సీనియర్ ఒకరికి ఒక కంపెనీలో అదే జరిగింది.

కోర్టులూ నోటిఫికేషన్లూ మన చేతుల్లో లేవు. మినీ ప్రాజెక్టులు మన చేతుల్లో ఉన్నాయి. పోయిన టెక్‌ఫెస్ట్‌లో చూసిన ప్రాజెక్టుల్లో చాలావాటికి ఒకే ఎల్‌ఈడీ: అంతా బాగుంటే గ్రీన్, తేడా వస్తే రెడ్. గ్యాస్ లీక్ డిటెక్టర్‌కి కూడా అదే! పక్కపక్కనే రెండు ఎల్‌ఈడీలు పెడితే ఏది వెలిగిందో స్థానాన్ని బట్టి నాకు తెలుస్తుంది. ప్రమాదానికి బ్లింక్ అయ్యేలా చేస్తే ఇంకా మంచిది. కోడ్‌లో రెండు లైన్లు. గ్రాఫుల్లో ఒక గీత ముక్కలుగా, ఇంకోటి నిండుగా గీయండి, చివర్లో పేరు రాయండి. హీట్‌మ్యాప్‌లకి మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి విరిడిస్ అనే రంగుల వరసని డిఫాల్ట్‌గా ఇస్తోంది. నాలాంటివాళ్ళకీ తేడాలు తెలిసేలా కావాలనే చేసింది అది. దాన్ని పనిగట్టుకుని తీసేసి, ఇంద్రధనుస్సులాంటి పాత జెట్ పెట్టేవాళ్ళు మన బ్యాచ్‌లో ఉన్నారు, "లుక్ బాగుంటుంది" అని.

ఇంత చెప్పినా నమ్మకం కుదరకపోతే మీ రిపోర్ట్‌ని గేటు బయట జిరాక్స్ షాపులో బ్లాక్ అండ్ వైట్‌లో ఒక కాపీ తీయించి, మీ గ్రాఫ్ మీరే చదవండి. ఎర్రగీత ఏదో, ఆకుపచ్చగీత ఏదో చెప్పండి, చూద్దాం. పేజీకి రూపాయో రెండో అవుతుంది.