అక్షహృదయం లేని జూదం

అరణ్యవాసంలో ధర్మరాజునకు బృహదశ్వ మహర్షి నలోపాఖ్యానం చెప్పి, అక్షహృదయాన్ని కూడ ఉపదేశించినట్లు భారతం చెబుతున్నది. పాచికల మర్మం తెలిపే విద్య అది. మరి స్లాట్ యంత్రానికి అటువంటి విద్య ఉన్నదా?

మా అబ్బాయితో లాస్‌వేగాస్ వెళ్ళినపుడు ఒక వృద్ధురాలిని చూచాను. గంట నుండి ఏమీ రాలేదు గనుక ఇక వచ్చి తీరుతుందని ఆమె కుర్చీ విడువలేదు. ఆ నమ్మకమే ఉచ్చు. యంత్రంలోని చిప్పు యాదృచ్ఛిక సంఖ్యలను ఎడతెగక పుట్టిస్తుంది. మీట నొక్కిన క్షణాన దొరికిన సంఖ్యయే ఫలితం. చక్రాలు తిరగడం వేడుక మాత్రమే. గడచిన ఆటల జ్ఞాపకం దానికి లేదు. 1984లో ఇంగె టెల్నేస్ పొందిన అమెరికా పేటెంటు పద్ధతిలో, చక్రంపై బొమ్మలు సమంగా కనిపించినా పెద్ద బహుమతి బొమ్మకు లోపల తక్కువ సంఖ్యలు కేటాయించవచ్చు. కనుక "వెంట్రుకవాసిలో తప్పింది" అనుకోవడమూ భ్రమయే.

నెవాడా నిబంధన ప్రకారం యంత్రం దీర్ఘకాలపు లెక్కలో నూటికి కనీసం 75 తిరిగి ఇవ్వాలి. 90 ఇచ్చేదే అనుకొందాం. డాలరు పందెంతో గంటకు 500 మార్లు ఆడితే సగటున 50 డాలర్లు పోతాయి. ఎక్కువసేపు ఆడినకొద్దీ ఈ లెక్కయే నిజమవుతుంది.

కావున ఇక్కడ వివేకమంటే గెలుపు కిటుకు కాదు. పోయినా ఇల్లు గడిచే సొమ్మును, లేవవలసిన వేళను ముందే నిర్ణయించుకోవాలి. పోయినదాని కోసం మరల ఆడరాదు. అప్పు తెచ్చి ఆడనే ఆడరాదు.

నేనూ 10 డాలర్లు పోగొట్టుకొన్నాను. లేవబోతుంటే "ఇంకొక్కసారి" అని మనసు లాగింది. నలభై యేళ్ళు పిల్లలకు నీతిపద్యాలు చెప్పినవాడి మనసే అది!