పెన్ డ్రైవుకు ఏ ఫార్మాటు మేలు?

వ్యాకరణం చెప్పుకొనేవాడికి పెన్ డ్రైవుల గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. కానీ ఈనాడు మన అవధానాల వీడియోలు, పాత పుస్తకాల స్కాన్లు చేతులు మారుతున్నది ఈ చిటికెనవ్రేలంత వస్తువులోనే కదా! కొన్న డ్రైవు ఏ ఫార్మాటులో ఉంటే దానితోనే సరిపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు.

32 జీబీ వరకు గల డ్రైవులు సాధారణంగా ఫ్యాట్32లో వస్తాయి. ఇది 1996 నాటి పద్ధతి. పాత టీవీకి తగిలించినా పలుకుతుంది, అదే దాని సుగుణం. అయితే ఏ ఫైలైనా 4 జీబీకి లోపే ఉండాలి. మూడు గంటల అష్టావధానపు వీడియో ఆ హద్దును సులువుగా దాటుతుంది. డ్రైవులో 20 జీబీ ఖాళీ కనబడుతూనే ఉంటుంది, ఫైలు మాత్రం ఎక్కదు. అప్పుడు వీడియోను ముక్కలు చేసేవారున్నారు. ఆ కోత ధారణ నడుమ పడితే, పద్యంలో రెండు పాదాలు ఒక ఫైలులో, రెండు మరొక ఫైలులో! యతిభంగమే నయం.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు ఈ హద్దు లేదు. కానీ మ్యాక్ కంప్యూటరు దానిని చదువుతుందే గాని, అదనపు సాఫ్ట్‌వేరు లేనిదే అందులో వ్రాయదు.

లినక్సువారి ఈఎక్స్‌టీ4 విండోస్‌లో నేరుగా తెరుచుకోదు. నా అసలు అభ్యంతరం వేరు. అందులో ఫైలు పేరుకు 255 బైట్లే. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో హల్లుకు మూడు, పొల్లుకు మూడు, గుణింతపు గుర్తుకు మూడు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే 18 బైట్లు మ్రింగుతుంది. గ్రంథం పేరు, కవి పేరు, ముద్రణ సంవత్సరం తెలుగులో వ్రాసుకొనేవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు. తక్కిన పద్ధతులలో పేరుకు 255 సంకేతాలు. అక్కడ తెలుగు ‘క’కూ ఇంగ్లీషు ‘ఎ’కూ ఒకటే లెక్క. ఆ సమత్వం నాకు నచ్చింది.

కనుక నా ఓటు ఎక్స్‌ఫ్యాట్‌కు. 2006లో వచ్చిన ఈ పద్ధతి వివరాలను మైక్రోసాఫ్ట్ 2019లో బహిరంగపరచింది. ఆ ఏడే లినక్సు కెర్నెల్‌లోనూ చేరింది. విండోస్, మ్యాక్ రెండూ ఇందులో చదివి వ్రాస్తాయి. 4 జీబీ సంకెల లేదు. లోపమూ ఉంది: ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉన్న జర్నల్ అనే చిట్టా ఇందులో లేదు. వ్రాత సాగుతుండగా డ్రైవు లాగివేస్తే ఫైళ్ళు చెడవచ్చు. ఎజెక్ట్ నొక్కి, ఒక్క క్షణం ఆగి తీయండి.

ఫార్మాటు మార్చితే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది గనుక ముందే నకలు తీసుకోండి. పాత టీవీ కోసం చిన్న ఫ్యాట్32 డ్రైవు ఒకటి విడిగా ఉంచుకొంటే చాలు.