కంపెనీ వేసిందని నెత్తిన పెట్టుకోవాలా?

అనకాపల్లిలో ల్యాప్‌టాప్ స్లో అయిందని ఎవరితో అన్నా మూడు సలహాలు రెడీగా ఉంటాయి. ర్యామ్ వేయించు. ఫార్మాట్ కొట్టించు. పాతదైపోయింది, మార్చేయ్. వీటి వెనకాలే ఒక హెచ్చరిక కూడా వస్తుంది: కంపెనీ వేసిచ్చిన సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం పోకు, వారంటీ పోతుంది. సలహాల మాటెలా ఉన్నా, జనం జేబుకు ఎక్కువ చిల్లు పెడుతున్నది ఈ హెచ్చరికే అంటాను నేను.

మెయిన్‌రోడ్డు పక్కన ఒక రిపేరు కొట్టులో చూసిన సంగతి ఇది. డిగ్రీ చదివే అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చింది. 4 జీబీ ర్యామ్, సెకండ్ హ్యాండ్. ఏమీ తెరవకపోయినా ఫ్యాన్ రొద ఆగడం లేదు. కొట్టతను మూత ఎత్తి, వేలితో అడుగుభాగం వేడి చూసి, "ర్యామ్ చాలట్లేదమ్మా" అని తేల్చేశాడు. ఒకసారి టాస్క్ మేనేజర్ తెరవమన్నాను. పై వరసల్లోనే 'విండోస్ ఆడియో డివైస్ గ్రాఫ్ ఐసోలేషన్' అని ఒకటి, కొంచెం కిందగా ఆడియో పేరుతోనే ఇంకో రెండు సర్వీసులు కనిపించాయి. అప్పటికి ఆ ల్యాప్‌టాప్‌లో పాట లేదు, వీడియో లేదు. "ఇవి ఆపొచ్చుగా?" అంటే, "అవి కంపెనీవండీ, ముట్టుకోకూడదు" అన్నాడు. ఆ అబ్బాయిని తప్పు పట్టను. అతనికి పని నేర్పినవాళ్లూ అదే చెప్పి ఉంటారు.

ముట్టుకోకూడనిది ఏది, ముట్టుకోదగ్గది ఏది అన్న తేడా ఎవరూ చెప్పకపోవడంతోనే వచ్చింది చిక్కంతా. ల్యాప్‌టాప్‌లో శబ్దం రావాలంటే డ్రైవర్ కావాలి. చాలా యంత్రాల్లో అది రియల్‌టెక్ వాళ్లది. దాన్ని ఉండనివ్వాలి. దాని మీద ఇంకో పొర ఉంటుంది. డెల్‌లో వేవ్స్ మ్యాక్స్‌ఆడియో, లెనోవోలో డాల్బీ, ఎంఎస్‌ఐలో నహిమిక్, హెచ్‌పీలో బ్యాంగ్ అండ్ ఒలుఫ్‌సెన్ పేర్లు అలా వచ్చినవే. బాస్ పెంచడం, ఉన్న రెండు చిన్న స్పీకర్లలో సినిమా హాలు భ్రమ పుట్టించడం, మైకులో గోల తగ్గించడం ఈ పొర చేసే పని. యంత్రం నడవడానికి డ్రైవర్ అవసరం, ఈ పొర అవసరం లేదు. కానీ రెండూ ఒకే ప్యాకేజీలో వస్తాయి కాబట్టి రెండూ ఒకటే అనుకుంటున్నాం.

ఈ పొర బరువు ఎక్కడ పడుతుందో చూడండి. సాధారణంగా విండోస్ శబ్దాన్ని సెకనుకు 48 వేల నమూనాలుగా తీసుకుని, పది మిల్లీసెకన్ల ముక్కలుగా నడిపిస్తుంది. ఒక్కో ముక్కా ఈ పొరలోని ఎఫెక్టులన్నీ దాటి స్పీకరుకు చేరాలి. అంటే శబ్దం నడుస్తున్నంతసేపూ సెకనుకు వందసార్లు ప్రాసెసర్ ఈ చాకిరీ చేస్తూనే ఉంటుంది. సరిగ్గా రాసిన ఎఫెక్టయితే ఇది లెక్కలోకి రాదు. సరిగ్గా రాయనిదయితే పాట ఆగినా పని ఆపదు, మెమొరీ పట్టుకుని వదలదు. పైగా 2007లో విస్టా వచ్చినప్పటి నుంచి ఈ ఎఫెక్టులు విండోస్ సొంత ఆడియో ప్రాసెస్ లోపలే నడుస్తాయి. కాబట్టి టాస్క్ మేనేజర్‌లో నేరం విండోస్ పేరు మీద పడుతుంది, అసలు దొంగ పేరు కనబడదు. జనం విండోస్‌ను తిట్టి, ర్యామ్ కొంటారు.

బెల్లం మార్కెట్ ఊరైన అనకాపల్లి వాళ్లకు పైమెరుపు చూపించి అమ్మే వ్యాపారం కొత్త కాదు. హైడ్రోస్ అనే రంగు తేల్చే రసాయనం కలిపిన బెల్లం దిమ్మ తళతళలాడుతుంది, రేటూ పలుకుతుంది. తినేవాడికి దానివల్ల ఒరిగేది లేదు. కీబోర్డు పక్కన అంటించిన ఆడియో స్టిక్కరుదీ అదే కథ. షాపులో డెమో పాట పెట్టినప్పుడు నిజంగానే బాగా వినిపిస్తుంది. ఇంటికొచ్చాక మన పిల్లలు వినేది చవక ఇయర్‌ఫోన్స్‌లో, ఆన్‌లైన్ క్లాసులో మాస్టారి గొంతు.

ఈ పొర తీసేయొచ్చంటే వచ్చే జవాబులు నాకు తెలుసు. మొదటిది గట్టిదే. పల్చటి ల్యాప్‌టాప్ స్పీకరు ఒట్టిగా వదిలేస్తే డబ్బా మోగినట్టుంటుంది, అందుకే ఆ ట్యూనింగ్ పెడతారంటారు. నిజం. కొన్ని మోడళ్లలో ఎఫెక్టులు ఆపగానే శబ్దం పీలగా అయిపోతుంది. అలాంటివాళ్లు ఉంచుకోండి. స్పీకర్ మీదే సినిమాలు చూసేవాళ్లతో, 16 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లతో నాకు పేచీ లేదు. నేనడిగేది ఒక్కటే: ఉంచాలో తీయాలో నిర్ణయించే హక్కు కొన్నవాడిది కాదా?

కంపెనీకి తెలియదా, వాళ్లు చూసుకునే వేస్తారు అనేది రెండో మాట. దీనికి 2017 మే నెలే జవాబు. హెచ్‌పీ ఎలైట్‌బుక్, ప్రోబుక్ వంటి మోడళ్లతో వచ్చిన కోనెక్సాంట్ ఆడియో డ్రైవర్ ప్యాకేజీలోని మిక్‌ట్రే అనే చిన్న ప్రోగ్రాం, మనం కీబోర్డు మీద కొట్టే ప్రతి అక్షరాన్నీ ఒక ఫైల్లో రాసి పెడుతోందని స్విట్జర్లాండ్‌కు చెందిన మోడ్‌జీరో సంస్థ బయటపెట్టింది. పాస్‌వర్డ్‌లతో సహా. ఆ ఫైలు, ఆ కంప్యూటర్ వాడే ఎవరైనా తెరవగలిగే పబ్లిక్ ఫోల్డర్‌లో ఉంది. దురుద్దేశం ఏమీ లేదు. మైక్ మ్యూట్ బటన్ నొక్కారో లేదో కనిపెట్టడానికి రాసిన కోడ్‌లో పరీక్షల కోసం పెట్టుకున్న ముక్క తీసేయడం మరిచారు. హెచ్‌పీ తర్వాత సరిదిద్దింది. అప్పటిదాకా "కంపెనీది, ముట్టుకోకు" అన్న సలహా విన్నవాళ్లంతా తమ పాస్‌వర్డ్‌లను తామే కాపలా కాసి మరీ దాచిపెట్టారన్నమాట. ఇంకోటి 2024 డిసెంబరుది. డిరాక్ ఆడియో అనే ఇలాంటి పొరే ఉన్న కొన్ని కంప్యూటర్లలో విండోస్ 11 కొత్త వెర్షన్ 24హెచ్2 వేస్తే శబ్దమే పోతోందని, మైక్రోసాఫ్ట్ ఆ యంత్రాలకు అప్‌డేట్ ఇవ్వడం ఆపేసింది. శబ్దాన్ని మెరుగుపరచడానికి పెట్టినదే శబ్దాన్ని మింగింది.

ఇక వారంటీ. మీ పత్రం తీసి చదవండి. సాధారణంగా అది స్క్రీను, బోర్డు, బ్యాటరీ లాంటి హార్డ్‌వేర్ లోపాలకు ఇచ్చే హామీ. యాప్ తీసేశారని కీబోర్డు మార్చం అనే షరతు అందులో ఉందేమో మీరే వెతకండి.

అడగకుండా వేసి ఇచ్చేవాటి మీద ఫోన్ల విషయంలో మనకు రోషం ఉంది. 2025 చివర్లో ప్రభుత్వ యాప్ సంచార్ సాథీని ప్రతి కొత్త ఫోన్‌లోనూ ముందే వేసి అమ్మాలని కేంద్రం ఆదేశిస్తే దేశమంతా గోల చేసింది, కొద్ది రోజుల్లోనే ఆ ఆదేశం వెనక్కి వెళ్లింది. ల్యాప్‌టాప్‌లో మాత్రం పేరు తెలియని నాలుగు సర్వీసులు పగలూ రాత్రీ నడుస్తుంటే, దాన్ని మన యంత్రం ముసలితనం అనుకుని సరిపెట్టుకుంటున్నాం. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోయాక "మార్చేయ్" అనేవాళ్ల గొంతు ఇంకా పెరిగింది.

ఈ ఆడియో పొరను తీయడం పెద్ద విద్యేం కాదు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్, అక్కడ మీ స్పీకరు పేరు నొక్కితే ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ కనిపిస్తుంది. ముందు దాన్ని ఆఫ్ చేసి ఒక రోజు వాడి చూడండి. చాలామందికి అక్కడితో సరి. తేడా రాకపోతే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్‌కి వెళ్లి ఆ ఆడియో యాప్‌ను డిసేబుల్ చేయండి. అప్పటికీ మాట వినకపోతే యాప్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి, డ్రైవర్‌ను వదిలేయండి. శబ్దం నచ్చకపోతే కంపెనీ సైట్ నుంచి మళ్లీ వేసుకోవచ్చు. ఒక్కటే బెడద: విండోస్ అప్‌డేట్ ఒక్కోసారి తీసేసినదాన్ని తిరిగి తెచ్చి పెడుతుంది. తీసినదాన్ని అడగకుండా మళ్లీ వేయడానికి కంపెనీకి ఎవరిచ్చారు అధికారం అన్నది వినియోగదారుల సంఘాలు పట్టుకోవాల్సిన ప్రశ్న.

రిపేరు కొట్ల వాళ్లకు ఒక్క విన్నపం. బిల్లు మీద ర్యామ్ అని రాసే ముందు, కస్టమర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని టాస్క్ మేనేజర్ తెరవండి. ఆడియో ఎఫెక్టులు ఆపి, అప్పటికీ మెమొరీ నిండిపోతుంటే అప్పుడు ర్యామ్ అమ్మండి.