ప్రశ్న అవిశ్వాసమా?

ఒకనాడు తరగతిలో పోతనామాత్యుని గజేంద్రమోక్షమును బోధించుచుంటిమి. మొసలితో పెనుగులాడి అలసిన గజరాజు, దీనులను కాచువాడని లోకము చెప్పుకొను ఆ దేవుడు అసలు ఉన్నాడో లేడో అని సందేహించు ఘట్టమది. భక్తకవియైన పోతన ఆ సందేహమును దాచిపెట్టలేదు. వైకుంఠవాసియు ఆ మాటకు అలిగి ఆగిపోలేదు, పరుగున వచ్చినాడు.

గంట మ్రోగిన పిమ్మట ఒక విద్యార్థిని వెనుక నిలిచిపోయి, మెల్లగా ఇట్లు అడిగినది: “సార్, ఏనుగు అడిగినట్లు మనం అడగవచ్చునా?”

ఆ ప్రశ్న వెనుక ఒక కథ ఉన్నది. ఆమె ఆపాను పెండ్లాడిన వ్యక్తి పొట్టకూటికై గల్ఫు దేశమునకు పోయి ఆరేండ్లయినది. తొలి రెండేండ్లు ఉత్తరములు, డబ్బు వచ్చినవి; తరువాత ఏ కబురును లేదు. ఆపా కుట్టుపనితో ఒక బిడ్డను సాకుచున్నది. ఆమెకు విముక్తి లేదా అని తండ్రి పోయి అడుగగా పెద్దలు, “ఇది దీన్ విషయం. గ్రంథాన్ని ప్రశ్నించడం ఈమాన్‌కు చేటు” అని చెప్పి పంపినారట. ఆనాడు మేము ఆ బాలికకు సంతృప్తికరమైన సమాధానము చెప్పలేకపోతిమి. “తెలుసుకొని చెప్పెదను” అంటిమి. ఈ వ్యాసము ఆ బాకీ తీర్చుకొను ప్రయత్నము.

విశ్వాసి తన ధర్మగ్రంథమును ప్రశ్నింపవచ్చునా? ఈ సంగతిని ముందుగా ఆ గ్రంథమునే అడుగుట న్యాయము. ఖుర్ఆన్ రెండవ సూరాలో అల్లాహ్ భూమిపై ప్రతినిధిని నియమింపబోవుచున్నానని దైవదూతలతో చెప్పగా, కల్లోలము రేపి రక్తము చిందించువానిని నియమింతువా అని వారు అడిగిరి. వారికి శిక్ష పడలేదు, సమాధానము లభించినది. అదే సందర్భములో ఇబ్లీస్ బహిష్కృతుడైనాడు. అతని నేరము ప్రశ్నించుట కాదు. నేను వీనికన్న గొప్పవాడనన్న అహంకారము. ప్రశ్నకును అహంకారమునకును గల ఈ భేదమును గుర్తింపనివారే ప్రశ్నించు ప్రతివానిని ఇబ్లీస్ పక్షమున నిలబెట్టుచుందురు.

అదే సూరాలో ఇబ్రాహీం ప్రవక్త, మృతులను ఎట్లు బ్రతికింతువో చూపుమని ప్రభువును వేడుకొనినాడు. నీకు విశ్వాసము లేదా అని అడుగగా, ఉన్నది కాని హృదయము కుదుటపడవలెనని కోరుచున్నానని విన్నవించుకొనినాడు. విశ్వాసమును, జిజ్ఞాసయు ఒకే హృదయములో ఉండగలవని చెప్పుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?

ఇక 58వ సూరా పేరే ‘అల్ ముజాదిలా’. వాదించిన స్త్రీ అని అర్థము. ఖౌలా బిన్త్ సఅలబా అను స్త్రీని ఆమె భర్త, నీవు నాకు తల్లివీపు వంటిదానవు అని, ఆనాటి అరబ్బుల ఆచారము చొప్పున దూరము చేసినాడు. ఆ ఆచారములో స్త్రీ అటు భార్యయు కాదు, ఇటు స్వతంత్రురాలును కాదు. ఆమె ప్రవక్తవద్దకు పోయి వాదించినది. అల్లాహ్‌కు మొర పెట్టుకొనినది. ఆ మొర వింటినని చెప్పుచునే ఆ సూరా ఆరంభమగుచున్నది. ఆ మాట అన్న భర్తకు ప్రాయశ్చిత్తము విధింపబడినది. వాదించిన స్త్రీ పేర ఒక సూరా గల గ్రంథమును చేతబట్టుకొని, స్త్రీ నోరెత్తరాదనుట ఎంతటి విడ్డూరము!

గ్రంథమును ప్రశ్నించుట వేరు, గ్రంథముతో విభేదించుట వేరు అని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ సమంజసమే. అయితే మన మధ్య విభేదములుగా పేరుపడినవానిలో నూటికి తొంబదిపాళ్ళు గ్రంథముతో కావు. గ్రంథమునకు మనుష్యులు చెప్పిన భాష్యముతో. హిజ్రీ 18వ సంవత్సరమున, అనగా క్రీస్తు శకము 639 ప్రాంతమున, అరేబియాలో ఘోరమైన క్షామము వచ్చినది. దొంగతనమునకు చేయి నరుకుట ఖుర్ఆన్‌లో స్పష్టముగా చెప్పిన శిక్ష. అయినను ఖలీఫా ఉమర్ ఆ కరువులో దానిని అమలు పరుపలేదని చరిత్ర. ఆకలితో దొంగిలినవాడు ఆ వాక్యము ఉద్దేశించిన దొంగ కాడని ఆయన గ్రహించినాడు. ఉమర్ అవిశ్వాసియని అనగలవారెవరు? ఇమాం అబూహనీఫా శిష్యులైన అబూయూసుఫ్, ముహమ్మద్ అల్ షైబానీలు ఎన్నో విషయములలో గురువుతో విభేదించిరి. వారి అభిప్రాయములును హనఫీ ధర్మశాస్త్రములో భాగములే అయినవి.

ఇచట చరిత్ర నేర్పిన మరొక పాఠమును చెప్పక తప్పదు. 833లో ఖలీఫా మామూన్, ఖుర్ఆన్ సృష్టింపబడినదని అంగీకరింపవలెనని పండితులను నిర్బంధించినాడు. అది హేతువాదులైన ముఅతజిలాల సిద్ధాంతము. ఇమాం అహ్మద్ ఇబ్న్ హంబల్ అంగీకరింపక చెరసాల పాలై, తరువాతి ఖలీఫా కాలమున కొరడా దెబ్బలు తినినాడు. ఆనాడు బుద్ధిని కొనియాడినవారి పక్షముననే కొరడా ఉన్నది! కనుక స్వేచ్ఛ అనునది ఏ ఒక్క వర్గపు సొత్తును కాదు. ప్రశ్నించు హక్కుతోబాటు, బలవంతపు సమాధానమును నిరాకరించు హక్కును మనము కోరవలెను. ధర్మమున నిర్బంధము లేదని ఖుర్ఆన్ చెప్పినది ఇరుపక్షములవారికిని.

ఇప్పుడు ఆ విద్యార్థిని ఆపా సంగతికి వత్తము. భర్త జాడ తెలియని స్త్రీ, అతని ఈడువారందరును కాలము చేయువరకు వేచియుండవలెనని ప్రాచీన హనఫీ పండితుల నిర్ణయము. ఇది ఖుర్ఆన్ వాక్యము కాదు, శాస్త్రకారుల ఊహ. మాలికీ పండితులు నాలుగేండ్ల గడువు చాలుననిరి. మనదేశమున హనఫీలే అధికులగుటచేత ఎందరో స్త్రీల బ్రతుకులు ఆ నిరీక్షణలో కృశించినవి. ఇరువదవ శతాబ్ది ఆరంభమున పంజాబులో కొందరు స్త్రీలు వేరుదారి లేక, వివాహబంధము తెగునను ఆశతో న్యాయస్థానముల యెదుట ఇస్లామునే వదలుకొనిరి. ధర్మము పేర వేసిన తలుపు వారిని ధర్మము వెలుపలికే నెట్టినది.

ఈ వేదనకు చలించినవాడు సంస్కర్తగా పేరుపొందిన ఆధునికుడు కాడు. దేవ్‌బంద్ సంప్రదాయమునకు చెందిన మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ. ఆయన మాలికీ పండితులను సంప్రదించి, వారి నిర్ణయమును హనఫీలును స్వీకరింపవచ్చునని నిరూపించుచు 1931లో ‘అల్ హీలతున్ నాజిజా’ అను గ్రంథమును ప్రకటించినాడు. ఆ కృషి ఫలితముగనే 1939లో ముస్లిం వివాహ రద్దు చట్టము వచ్చినది. భర్త జాడ నాలుగేండ్లు తెలియకున్నను, రెండేండ్లు పోషణ జరుపకున్నను భార్య న్యాయస్థానము ద్వారా విముక్తి పొందవచ్చునని అందు కలదు. ఆ నిరుపేద స్త్రీల ప్రశ్నను పాపమని తోసిపుచ్చియుండినచో, ఆ గ్రంథమును లేదు, ఈ చట్టమును లేదు.

ఆ చట్టము ఉండగనే మా విద్యార్థిని ఆపా ఆరేండ్లు ఎదురుచూచినది. తలుపు తెరిచియే యున్నది. తెరిచియున్నదని చెప్పువారు లేరు. ప్రశ్నను పాపముగా భావించు సమాజములో సమాధానములు సైతము మరుగున పడిపోవునని ఇందువలన తెలియుచున్నది.

“బయటివారు మనలను వ్రేలెత్తి చూపుచున్న ఈ కాలమున, ఇంటి సంగతులు బజారున పెట్టవలెనా?” అని ఆవేదన చెందు పెద్దలు కలరు. వారి భయము అర్థరహితము కాదు. మన ప్రశ్నలను ఎత్తుకొనిపోయి మనలనే ఎగతాళి చేయువారు లేకపోలేదు. కాని మన ప్రశ్నకు మనమే చెవి యొగ్గనిచో అది ఇతరుల గుమ్మము తొక్కును. ఒకే ఊపిరిలో మూడు తలాఖుల పద్ధతిని మన పండితులే ‘బిద్అత్’ అనిరి. అనుచునే తరతరములుగా చెల్లనిచ్చిరి. తుదకు 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. స్త్రీలు ముందు మన యిండ్లలోనే అడిగిరి, మనము వినలేదు.

“చదువురానివాడును ప్రశ్నించినచో ధర్మము సంతబేరము కాదా?” అను మరొక శంక కలదు. వైద్యుని విద్యను గౌరవింతుము. అయినను ఈ మందు ఎందుకని రోగి అడుగుట నేరము కాదు. మంచి వైద్యుడు విసుగుకొనడు. అడుగువానికిని బాధ్యత కలదు. తెలిసికొనవలెనన్న కోరికతో అడుగవలెను. జవాబును ఓపికతో వినవలెను. తన తలంపే తప్పు కావచ్చునని ఎరుగవలెను. ఇంతచేసియు ఎవరికైనను ఒక వాక్యమున మనసు సమాధానపడనిచో, అతనిని వెలివేయుటకు మనకు అధికారము లేదు. ఆ లెక్క అతనికిని అతని ప్రభువునకును నడుమ ఉండును. సమాధానపడినట్లు నటించువానికన్న, పడలేదని కన్నీటితో చెప్పువాడు విశ్వాసమునకు దగ్గరివాడని మా నమ్మకము.

మహాకవి ఇక్బాల్ 1929లో మద్రాసు, హైదరాబాదు, మైసూరు నగరములలో చేసిన ఉపన్యాసములు తరువాత గ్రంథరూపము దాల్చినవి. ప్రతి తరమును తన సమస్యలను తానే ఆలోచించి పరిష్కరించుకొనవలెనని, ఇజ్తిహాద్ ద్వారము మూసివేయరాదని ఆయన ఆ గ్రంథమున వాదించినాడు. ఆ ఉపన్యాసములు విన్న నేల మనది. ఆ ద్వారమును మన విద్యాలయములలోనైనను తెరచియుంచలేమా?

విద్యార్థి మిత్రులారా! సందేహము కలిగినప్పుడు దాచుకొని కుమిలిపోవలదు, విర్రవీగుచు చాటవలదు. వినయముతో అడుగుడు. మేము ఎరిగినంత చెప్పెదము. ఎరుగనిచో మీతోబాటు వెదకెదము.

ఆ విద్యార్థిని ఇప్పుడు డిగ్రీ చదువుచున్నది. వెనువెంటనే చెప్పలేకపోయిన సమాధానమును ఈనాడు ఆమెకు చెప్పుచున్నాము: అడగవచ్చునమ్మా. మీ ఆపా తరఫునను అడుగుము. అడిగిన స్త్రీ మొరను ఆలకించితినని ఆ గ్రంథమే చెప్పినది.