తెరపై మసిని చూచి ప్రతిని దిద్దిన పండితుడు



తెర మీద ఏ వికారం కనబడినా లినక్సు వాడే మిత్రులు నాకు రెండు సలహాలు ఇస్తూ ఉంటారు. "ఫార్మాట్ కొట్టెయ్యండి మాస్టారూ, పీడా పోతుంది" అన్నది ఒకటి. "నడుస్తున్న బండికి మరమ్మతు దేనికండీ, అప్‌డేట్లు ఆపేయండి" అన్నది రెండవది. రెండూ తప్పని నా అభిప్రాయం. కొంత నష్టపోయి తెలుసుకొన్నాను గనుక చెప్పే అధికారం ఉన్నదనుకొంటాను.

2023 వేసవిలో, కీర్తిశేషులైన మా గురువుగారి చాటుపద్యాల వ్రాతప్రతిని యూనికోడులోకి ఎక్కిస్తున్నాను. బ్రౌజరులో టైపు చేసి, ఫైలుగా భద్రపరచి, మళ్ళీ బ్రౌజరులోనే తెరచి దిద్దుకోవడం నా అలవాటు. ఒకనాడు కంప్యూటరు నవీకరణలు దింపుకొన్నది. వాటిలో మెసా ఒకటి. ప్రోగ్రాములు ఓపెన్‌జీఎల్ పద్ధతిలో "ఇది గీయుము" అని అడిగితే, ఆ కోరికను గ్రాఫిక్సు చిప్పుకు అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చే స్వేచ్ఛా గ్రంథాలయమది. 1993లో బ్రయన్ పాల్ మొదలుపెట్టినది. (లైబ్రరీని గ్రంథాలయమనడం నచ్చనివారు మన్నించాలి.)

మరునాడు బ్రౌజరు తెరవగానే పద్యాల నడుమ నల్లని మచ్చలు. కొన్ని వత్తులు లేవు. ఒక్కొక్కచోట మాటకు మాటే మసి పూసినట్లు పోయినది. పుటను జరిపితే మచ్చలు చోటు మారుతున్నవి. దోషం వ్రాతలో లేదని తెలియడానికి ఆ ఒక్క గుర్తు చాలును. నాకు అప్పుడు తోచలేదు. ఫైలు చెడిపోయినదనే భయంతో, వ్రాతప్రతి ముందు పెట్టుకొని, మసి పట్టిన మాటనల్లా చెరిపి తిరిగి వ్రాయడం మొదలుపెట్టినాను. పదకొండు చోట్ల దిద్దినాక, నేను దిద్దినదానికే మసి పట్టితే గాని చేయి ఆగలేదు.

ప్రతులు పరిష్కరించేవాడు తప్పు కనబడగానే దిద్దడు. అది ఏ ప్రతిలో, ఏ లేఖకుని చేతిలో ప్రవేశించినదో ముందు చూస్తాడు. బ్రౌను దొర పండితులను కూర్చోబెట్టి ప్రతులు సరిపోల్పించినది అందుకే. బడిలో ఎన్నో ఏళ్ళు ఈ మాట చెప్పిన నేను తెర ముందు మరచిపోయినాను.

మరి సరిపోల్చి చూద్దామని కూర్చున్నాను. అదే ఫైలును సాదా ఎడిటరులో తెరిస్తే పద్యాలు కడిగిన ముత్యాలు. బ్రౌజరులో మసి పట్టిన పాదాన్ని నకలు తీసి ఎడిటరులో అతికిస్తే ఒక్క పొల్లు కూడా తప్పలేదు. అంటే అక్షరాల సంకేతాలు భద్రం, చెడినది వాటిని గీయడం. ఫాంటును అనుమానించినాను, ఎడిటరులోనూ అదే ఫాంటు గనుక అది నిర్దోషి. బ్రౌజరు అమరికలలో హార్డ్‌వేర్ యాక్సెలరేషన్ ఆపితే మసి మాయమైనది. అనగా ప్రాసెసరు గీస్తే ఒప్పు, గ్రాఫిక్సు చిప్పు గీస్తే తప్పు. ఇక్కడే చాలామంది ఆగి, మెసాను దోషిగా నిర్ణయిస్తారు. నేనూ పాత కూర్పుకు మరలబోయినాను. కాని, మనుమని కోసం తెరచిపెట్టి ఇంకా ఎవరూ వాడని ఖాతా ఒకటి ఉన్నది. అందులో యాక్సెలరేషన్ ఆపకుండానే బ్రౌజరు తెరచి చూచినాను. మచ్చ లేదు! అదే చిప్పు, అదే క్రొత్త మెసా. కనుక దోషం నా ఖాతాలో మిగిలి ఉన్న పాత వస్తువేదో చేస్తున్నది.

ఆ పాత వస్తువు ఇది. గ్రాఫిక్సు చిప్పుపై నడిచే చిన్న ప్రోగ్రాములను షేడర్లంటారు. వాటిని ప్రతిసారీ చిప్పు భాషలోకి అనువదించడం ఆలస్యమని, మెసా చేత ఒకసారి అనువదింపజేసి బ్రౌజరు ఆ ఫలితాన్ని డిస్కుపై దాచుకొంటుంది. మెసా మారితే పాత అనువాదాన్ని పారవేయాలి. మారినదో లేదో కూర్పు సంఖ్యను చూచి తెలుసుకొంటుంది. నాకు వచ్చినది అదే సంఖ్యతో, లోపల సవరణలతో మళ్ళీ కట్టిన ప్యాకేజీ. అట్ట మారలేదు, లోపలి పుటలు మారినవి. బ్రౌజరు అట్టను చూచి పాత అనువాదాన్నే చిప్పుకు అందించినది.

బ్రౌజరు మూసి, నా ఖాతాలో జీపీయూ కాష్, షేడర్ కాష్ అనే పేర్లతో ఉన్న దాని ఫోల్డర్లను తొలగించినాను. మళ్ళీ తెరవగానే వాటిని తానే క్రొత్తగా కట్టుకొన్నది. బుక్‌మార్కులు గాని పాస్‌వర్డులు గాని పోలేదు. అర నిమిషం పని.

ఫార్మాట్ చేసినా మసి పోయేదే. ఎందుకు పోయినదో మాత్రం తెలిసేది కాదు. ఇటువంటిది మరల వస్తే మరల ఫార్మాటే. ఇక అప్‌డేట్లు ఆపుదామంటే, భద్రతా సవరణలు వచ్చేదీ ఆ దారినే గదా! బ్రౌజరు తయారుచేసినవారిదీ తప్పున్నది. వేగం కోసం దాచుకొన్నదానిని నమ్మేముందు కూర్పు సంఖ్య ఒక్కటి చూస్తే చాలదు, ప్యాకేజీ మళ్ళీ కట్టబడినదా అన్నదీ చూడాలి. అయినా వారి తప్పు అర నిమిషంలో తీరిపోయినది. నాది తీరలేదు.

నేను చెరిపి వ్రాసిన పదకొండింటిలో తొమ్మిది చోట్ల వ్రాతప్రతి స్పష్టంగా ఉన్నది గనుక నష్టం లేదు. రెండు చోట్ల సిరా చెమ్మకు అలుక్కుపోయినది. అక్కడ యతిని, అన్వయాన్ని బట్టి ఎన్నో రోజులు ఆలోచించి మునుపు ఒక పాఠం నిర్ణయించుకొన్నాను. కంగారులో దానిని చెరిపి, తోచినదేదో వ్రాసి భద్రపరచినాను. వేరొక నకలు దాచుకోలేదు, అది మరొక సిగ్గు. ఆ పాత పాఠం ఇప్పటికీ గుర్తుకు రాలేదు. ప్రస్తుతానికి ఆ రెండు చోట్లా చుక్కలు పెట్టి ఉంచినాను.