కుంచం ఎవరి చేతిలో ఉంది?



సంక్రాంతి వస్తే చాలు, ఇత్తడి కుంచాల ఫోటోలు పెట్టి "మన పెద్దల విజ్ఞానం" అని మురిసిపోతారు కొందరు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. లెక్క బాగానే ఉంది. అందులో కనపడనిది కొలిచే చెయ్యి.

కుంచం బరువు చూడదు, ఎంత చోటు నిండిందో చూస్తుంది. మోసమంతా అక్కడే. అంచు మీద అరచేత్తో చదును చేస్తే ఒక లెక్క, పైన కుప్ప నిలిచేలా పోస్తే ఇంకో లెక్క. కుదిపి పోస్తే గింజలు ఎక్కువ పడతాయి, మెల్లగా జారిస్తే తక్కువ. మూతి వెడల్పైతే కుప్ప ఇంకా పెద్దది. పేరు మాత్రం అన్నిటికీ కుంచమే.

మా తాత ఒక ఆసామి దగ్గర పాలేరు. జీతం ధాన్యమే. అప్పు తెచ్చుకున్నప్పుడు చదును కుంచం, తీర్చేటప్పుడు కుప్ప కుంచం. ఇచ్చినవి తాలు కలిసిన కళ్లం అడుగు గింజలు, తీసుకున్నవి తూర్పారబట్టినవి. వడ్డీ వేరే. కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని "ఒకటి" అనరు, "లాభం" అంటారు. ఎవరి లాభమో మా తాతకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన కుంచం ముట్టుకుంటే మైల. ఆయన కోసి, కొట్టి, మోసిన గింజకు మాత్రం మైల లేదు!

"కుంచమంత కూతురుంటే మంచంలోనే కూడు" అని సామెత. మా పేటలో కుంచమంత కూతురు గేదెల వెనక పోయింది. ఆ సామెత ఏ ఇంట్లో పుట్టిందో తెలుస్తూనే ఉంది కదా.

బాబాసాహెబ్‌కి ఇది బాగా తెలుసు. 1928లో బొంబాయి శాసనమండలిలో ఆయన మహర్ వతన్ సవరణ బిల్లు పెట్టారు. ఊరివాళ్ల దయ మీద నడిచే బలుతె ధాన్యాన్ని డబ్బు కిందికి మార్చే దారి అందులో ఉంది. గింజలు పెట్టేవాడి గుమ్మం ముందు నిలబడినంత కాలం మనిషి తలెత్తలేడు. 1948 కనీస వేతనాల చట్టం 11వ సెక్షన్ కూడా కూలి నగదుగా ఇవ్వాలంది. కానీ ఆనవాయితీ ఉన్నచోట ప్రభుత్వం అనుమతిస్తే సరుకుగా ఇవ్వొచ్చని సందు వదిలింది. ఆ ఆనవాయితీ ఎవరిది? మేం పెట్టుకున్నదా?

1956 తూనికలు కొలతల చట్టంతో కిలో వచ్చింది. కాటా మీద అంకె మాదిగ చదివినా మోతుబరి చదివినా ఒకటే. అందుకే కుంచం పోయిందని నాకు బెంగ లేదు.

అయితే కుంచం బుద్ధి పోలేదు. 2005 ఉపాధి హామీ చట్టం వచ్చాక చెరువు పూడిక పనిలో కూలి తవ్విన మట్టి ఘనపు కొలతను బట్టి కట్టారు. మండుటెండలో గట్టి నేల తవ్వింది మన అక్కలు. టేపు పట్టింది వేరేవాళ్లు, కొలతల పుస్తకం రాసింది వేరేవాళ్లు. రేషన్ షాపులో కాటా అంకె మనవైపు తిప్పమంటే ఇప్పటికీ కసురుకునేవాళ్లున్నారు.

కాబట్టి విద్యార్థి మిత్రులకు ఒకటే మాట. సెలవులకు ఊరెళ్లినప్పుడు కాటా పక్కన నిలబడండి. సామాజిక తనిఖీలో కొలతల పుస్తకం అడగండి, గుంత దగ్గరికెళ్లి మీ టేపుతో మళ్లీ కొలవండి. తేడా వస్తే గ్రామసభలో అందరి ముందూ చదవండి. మన కష్టాన్ని మన చేత్తో కొలుచుకోనంత కాలం, కిలో అన్నా మీటరన్నా అది ఆసామి కుంచమే.