రిమ్ము షౌక్ సరే, టైరు అమానత్ సంగతేంటి?



మన మొహల్లాల్లో సెకండ్‌హ్యాండ్ కారు కొన్న నౌజవాన్ మొదట చేసే పని దాని చక్రాలు మార్చడం. స్ప్రింగులు మార్పించి బండిని కిందికి దించుతాడు. 17 ఇంచుల నల్ల అల్లాయ్ రిమ్ములు తొడిగిస్తాడు. వాటి చుట్టూ పలచటి పట్టీలాంటి టైరు. ఫోటో తీసి స్టేటస్ పెడతాడు. ఇంట్లో పెద్దలు దీన్ని రెండు రకాలుగా చూస్తారు. కొందరు ‘ఫజూల్ ఖర్చు, ఇస్రాఫ్’ అని కసురుకుంటారు. కొందరు ‘జవానీ షౌక్, పోనీలే’ అని వదిలేస్తారు. నా రాయ్ ఈ రెండింటికీ దూరం. బండి అందంగా ఉండాలనుకోవడం గునాహ్ కాదు. కానీ రిమ్ము మీద పెట్టిన పైసలను టైరులో మిగుల్చుకోవడం మాత్రం పక్కా బేవఖూఫీ. అది ఒక్కోసారి జాన్ మీదికి తెచ్చే బేవఖూఫీ.

ఎందుకంటే ఆ కారు ఆ పిల్లాడొక్కడిది కాదు. అమ్మీని షుగర్ చెకప్‌కు తీసుకెళ్లేది అదే. ఉమ్రాకు బయల్దేరిన ఖాలాను శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దింపేది అదే. ఖాందాన్‌లో షాదీ అయితే పూలు కట్టించుకుని దుల్హా కారయ్యేది కూడా అదే. ఐదుగురి సీట్లలో పిల్లలతో కలిపి ఏడుగురు, డిక్కీలో దేగ్చా, సూట్‌కేసులు. ఒక్కో టైరు నేలను తాకేది అరచేయంత మేరే. అంతమంది జాన్ ఆ నాలుగు అరచేతుల మీద ఉంటుంది. దీన్ని అమానత్ అనకపోతే ఇంక దేన్నంటాం?

అందుకే నా మాట ఒకటే: ముందు టైరు ఎంచుకోండి, తర్వాత ఆ టైరుకు తగిన రిమ్ము చూడండి. మనవాళ్లు సరిగ్గా దీన్ని ఉల్టా చేస్తారు.

టైరు పక్కన రాసి ఉండేది చదవడం పెద్ద ఇల్మేం కాదు. 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకోండి. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 15 అంటే రిమ్ము ఇంచులు. 88 అంటే ఆ ఒక్క టైరు మోయగలిగే బరువు 560 కిలోలు. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. ఈ ఆఖరి రెండు గుర్తులనే ఎవరూ అడగరు. ఇంటిల్లిపాదినీ మోసేది అవే.

కంపెనీ వాళ్ల హిసాబ్ చూడండి. 2018లో వచ్చిన స్విఫ్ట్‌లో కింది వేరియంట్‌కు 165/80 ఆర్14 ఇచ్చారు, పై వేరియంట్‌కు 185/65 ఆర్15. రిమ్ము ఒక ఇంచు పెరిగింది. కానీ మొత్తం చక్రం ఎత్తు లెక్కేస్తే మొదటిది సుమారు 620 మిల్లీమీటర్లు, రెండోది 621న్నర. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. రిమ్ము పెరిగితే సైడ్‌వాల్ తగ్గాలి, మొత్తం ఎత్తు మాత్రం అలాగే ఉండాలి. ఉసూల్ ఇదే. ఆ కార్లో 16 ఇంచులకు వెళ్లాలంటే 195/55 సైజు 621 దగ్గరే ఉంటుంది. 17 ఇంచులకు 205/45 అయితే 616. ఇంతవరకూ లెక్క కుదురుతుంది.

కుదరని సౌదా ఎలా ఉంటుందో కూడా చూద్దాం. పాత 15 ఇంచుల రిమ్ములే రంగు మార్చి, బండి ఇంకా కిందికి కనిపించాలని 195/50 వేయించారనుకోండి. చక్రం ఎత్తు 576కు పడిపోతుంది. కారు ఇరవై మిల్లీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది. మీటరు 100 చూపిస్తుంటే అసలు వేగం 93 దగ్గరే ఉంటుంది. నడవని కిలోమీటర్లు మీటర్లో ఎక్కుతాయి. వీటన్నిటికంటే ఫికర్ పడాల్సింది ఇంకొకటుంది. ఆ సైజులో మామూలుగా దొరికే టైరు బరువు గుర్తు 82, అంటే 475 కిలోలు. ఒక్కో టైరుకు 85 కిలోల తాఖత్ పోయింది. నాలుగింటికీ కలిపితే 340. నలుగురైదుగురు మనుషుల బరువది. షోకు కోసం బండి నుంచి ఆ తాఖత్ తీసేసి, వలీమా రోజు అదే బండిలో ఏడుగురిని ఎక్కిస్తున్నాం.

17 ఇంచుల్లోనూ ఇదే మెలిక. 205/45 ఆర్17లో మామూలు టైరు 84, అంటే 500 కిలోలు. అదే సైజులో ఎక్స్‌ఎల్ అని రాసి ఉన్నది 88, అంటే పాత 560కే వస్తుంది. కానీ ఎక్స్‌ఎల్ టైరు ఆ పూర్తి బరువు మోయాలంటే గాలి కూడా ఎక్కువ పట్టాలి. పాత అలవాటు కొద్దీ పాత లెక్కనే గాలి కొట్టిస్తే ఫాయిదా ఉండదు. దుకాణంలో రెండూ ఒకేలా నల్లగా మెరుస్తాయి. గుర్తు చదివినవాడికే ఫరఖ్ తెలుస్తుంది.

ఇంకో సంగతి. 120 మిల్లీమీటర్ల సైడ్‌వాల్ 17 ఇంచుల్లో 92కు వస్తుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బను మింగేది ఆ రబ్బరే. అది తగ్గితే దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. రిమ్ము వంగుతుంది, సైడ్‌వాల్ పక్కన బుడిపె లేస్తుంది. బుడిపె లేచిన టైరును పంక్చర్ దుకాణంలో ఎవరూ బాగుచేయలేరు. బాగుచేస్తానన్నవాడిని నమ్మొద్దు. అవుటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు నున్నగా ఉంటే ఉండొచ్చు. మన గల్లీ మాత్రం మొన్న డ్రైనేజీకి తవ్వి వదిలేసిన గల్లీయే. టైరు మన గల్లీకి తగ్గట్టుండాలి. అందుకే ఇంటి బండికి ఒక ఇంచు పెంచుకుంటే చాలంటాను. రెండు ఇంచులు పెంచాలన్న జిద్దు ఉంటే ఆ ఖర్చూ ఆ జాగ్రత్తా రెండూ భరించగలగాలి.

ఇప్పుడు రిమ్ము. బోల్టులు కూర్చుంటే చాలు, ఫిట్ అయినట్టే అని చాలామంది ఖయాల్. నాలుగు బోల్టులు 100 మిల్లీమీటర్ల పీసీడీ అన్నది మన చిన్న కార్లు చాలావాటికి ఒకటే. కానీ మధ్య రంధ్రం సైజు బండిని బట్టి మారుతుంది. బయట కొన్న అల్లాయ్‌లో ఆ రంధ్రం పెద్దదైతే లోపల రింగు వేసి సరిచేయాలి. లేకపోతే హైవే మీద స్టీరింగ్ వణుకుతుంది. ఆఫ్‌సెట్ తేడా అయితే చక్రం బయటికి పొడుచుకొస్తుంది, బేరింగ్ మీద భారం పెరుగుతుంది. లేదా లోపలికి పోయి సస్పెన్షన్‌కు రాసుకుంటుంది. ఖాళీ బండిలో చూసి ‘ఫస్ట్ క్లాస్’ అనేయకండి. సీట్లన్నీ నింపి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. కొత్త రిమ్ముకు దానికి తగిన నట్లే వేయించి, ఓ 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగింపు చూపించుకోండి. సన్నటి టైరును వెడల్పు రిమ్ము మీద సాగదీసి తొడిగే ఫ్యాషనొకటి వచ్చింది. దానికి నేను సాఫ్‌గా ఖిలాఫ్. ఏ టైరుకు ఎంత వెడల్పు రిమ్మో టైరు కంపెనీ పట్టికలో ఉంటుంది. 205/45కైతే ఆరున్నర నుంచి ఏడున్నర ఇంచుల దాకా. స్టెప్నీని కూడా మరచిపోవద్దు. నాలుగు చక్రాలు ఒక ఎత్తు, డిక్కీలోది ఇంకో ఎత్తు అయితే అర్ధరాత్రి అవసరంలో తంటా తప్పదు.

ఇక అమ్మే భాయ్‌లతో నాలుగు మాటలు. విజయవాడ ఆటోనగర్ అయినా, సికింద్రాబాద్ రాణీగంజ్ అయినా, మన ఊరి బస్టాండు పక్క దుకాణమైనా ఈ ధందాలో మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు. కష్టపడి హలాల్ రోజీ సంపాదిస్తున్నారు. కానీ వంగిన రిమ్మును కాల్చి, కొట్టి, రంగేసి కొత్తదన్నట్టు అమ్మే దుకాణాలూ ఉన్నాయి. అరిగిన టైరుకు గాట్లు మళ్లీ కోసి, నల్ల పాలిష్ కొట్టి నిలబెట్టేవాళ్లూ ఉన్నారు. బజారులో ధాన్యం రాశిలోకి రసూల్ (స) చెయ్యి పెట్టి, లోపలి తడిని బయటపెట్టి ఆ వ్యాపారిని నిలదీసిన వాఖియా మనందరం జుమ్మా ఖుత్బాల్లో విన్నదే. తడిసిన ధాన్యం కొన్నవాడు మహా అయితే నష్టపోతాడు. పగుళ్లు దాచిన రిమ్ము కొన్నవాడి ఇంట్లో జనాజా లేవొచ్చు. ఐబ్ ఉంటే ఐబ్ చెప్పి అమ్మండి. బర్కత్ అందులోనే ఉంటుంది.

కొనేవాళ్లు కూడా కళ్లు తెరుచుకోవాలి. టైరు పక్కన డాట్ అనే గుర్తు వరసలో ఆఖరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. గాట్లు ఎంత లోతున్నా, ఐదేళ్లు దాటిన టైరును ఏటా చూపించుకోవాలి. పదేళ్లు దాటితే ఇక మాటే లేదు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందంటే ఆ టైరు ఉమర్ అయిపోయినట్టే. టైరు మీద ఐఎస్‌ఐ గుర్తు, రిమ్ము లోపలి వైపు అది మోయగల బరువు చూసుకోండి. రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వనన్న దుకాణానికి దూరం నుంచే సలామ్ చెప్పండి.

ఖానూన్ సంగతి కూడా తెలిసుండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జుర్మానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని చట్టంలో చేరింది. మీ మోడల్‌కే పై వేరియంట్‌లో కంపెనీ ఇచ్చిన సైజుకు మారడం వేరు, మడ్‌గార్డు దాటి బయటికొచ్చే చక్రాలు వేరు. మార్పు సంగతి ఇన్సూరెన్స్‌కు చెప్పకుండా దాస్తే, హాద్సా జరిగిన రోజు క్లెయిమ్ దగ్గర పేచీ మొదలవుతుంది. మన పిల్లల పేరు చూడగానే అనుమానంగా చూసే నజర్‌లు ఎటూ ఉన్నాయి. వాటి చేతికి ఇంకో బహానా మనమే ఎందుకివ్వాలి?

‘పంక్చర్లేసుకునేవాళ్లు’ అని మనల్ని గేలి చేసే మాట సోషల్ మీడియాలో రోజూ చూస్తున్నాం. నాకు అందులో సిగ్గుపడాల్సింది ఏమీ కనిపించదు. నడి రోడ్డు మీద ఆగిపోయిన ఖాందాన్‌ను ఇంటికి చేర్చే హునర్ అది. టైరును చేత్తో తడిమి దాని ఉమర్ చెప్పగల పిల్లలు మనకున్నారు. వాళ్లకు లోడ్ గుర్తులు, ఆఫ్‌సెట్, బ్యాలెన్సింగ్ మెషీన్ కూడా నేర్పితే వాళ్లే ఉస్తాద్‌లు. కొనేముందు వాళ్ల మాట వినండి. ఫిట్టింగ్‌కు, సలహాకు ఇవ్వాల్సింది బేరమాడకుండా ఇవ్వండి. ముప్పై, నలభై వేల రిమ్ములు కొని అలైన్‌మెంట్ దగ్గర వంద రూపాయలకు గీచిగీచి బేరమాడటం ఏం ఇన్సాఫ్?

తల్లిదండ్రులకు నాదొక గుజారిష్. పిల్లాడి షౌక్‌ను తిట్టి దూరం చేసుకోకండి. వాడితోపాటు దుకాణానికి వెళ్లండి. ‘బేటా, ఈ టైరు ఎంత బరువు మోస్తుంది, ఎప్పుడు తయారైంది?’ అని అక్కడే అడగండి. ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న మాట మనందరికీ తెలుసు. బయల్దేరే ముందు సఫర్ దువా తప్పకుండా చదవండి. దానికంటే ముందు గాలి, గాట్లు, నట్లు చూసుకోండి.